జాషువ 'గబ్బిలము'న దైవోపాలంభము

గుంటూరు, ప్రకాశము మండలముల నల్లరేగడి నేలలయందు పంట చక్కగా చేతికి వచ్చిన యేట రైతును పలుకరించినచో "దేవుడు చల్లగా చూచినాడు" అనును. ప్రత్తికాయను పురుగు తొలిచిన యేట, కల్లమున ఆరబోసిన మిరపకాయ కాలముగాని కాలమున పడిన వానకు తడిసి తాలైపోయిన యేట, అదే రైతు "అంతయు మా ఖర్మ" అనును. ఈ రెండు మాటలను ప్రక్కప్రక్కన నిలిపి చూచినవారు తక్కువ. లాభము దేవుని పద్దున, నష్టము తన పద్దున వ్రాసికొనుట యిందలి లెక్క. 1980 దశకమున ప్రత్తిపై తెల్లదోమ పడినపుడును, 2021లో మిరపను నల్లతామరపురుగు ఊడ్చిపెట్టినపుడును ఈ లెక్క మారినట్లు కనబడదు. శాస్త్రమున 'కర్మ' శబ్దము పుణ్యపాపములు రెంటికిని సమానమైనది. వాడుకలో మొదటి యక్షరము ఒత్తు పడి 'ఖర్మ' యైన వెంటనే దానికి పాపఫలమను అర్థ మొక్కటియే మిగిలినది. కొడుకునకు ఉద్యోగము వచ్చినదని చెప్పుచు "మా ఖర్మ" యనువాడు ఎగతాళికి తప్ప తెలుగుదేశమున లేడు. ఒక యొత్తునందు ఇంత తత్త్వము ఇమిడియుండుట భాషాశాస్త్రజ్ఞులు గమనింపవలసిన విషయము.

అయితే భాషలో దీనికి ఎదురైన వాడుకయు కలదు. ఇంట చావు సంభవించినపుడు స్త్రీలు శోకములు పెట్టుచు "దేవుడా, నీకు కండ్లు లేవా" అని సూటిగా నిలదీయుదురు. "దేవుడు చిన్నచూపు చూచినాడు" అను మాటయు ఉన్నది. అనగా ఒకే నోటియందు దేవుని కాపాడు పలుకుబడియు, దేవుని దోషిగా నిలుపు పలుకుబడియు కలిసి బ్రదుకుచున్నవి. వీనిలో మొదటిది కల్లముదగ్గర వినబడును. రెండవది శవముదగ్గర వినబడును. మేలునకు దేవుడు కర్తయైనచో కీడునకు కర్త ఎవరు? ఈ ప్రశ్నను ఆధునికాంధ్రకవిత్వమున అందరికంటె గట్టిగా అడిగినవాడు ఈ నేలయందే, వినుకొండలో 1895లో పుట్టిన గుఱ్ఱము జాషువ. అడిగిన కావ్యము 1941లో వెలువడిన 'గబ్బిలము'. దీనిని దళితుని ఆక్రోశముగా చదివినవారు పెక్కురు. సందేశకావ్యముగా పరిశీలించినవారును కలరు. దైవోపాలంభముగా, అనగా దేవుని నిలదీయు రచనగా, దీని స్థానమేమో విచారించుట ఈ వ్యాసమునకు పని. విచారణ 'గబ్బిలము' ప్రథమభాగమునకే పరిమితము.

ముందుగా ఎదుటిపక్షమును వినవలసియున్నది. దేవునియందు దోష మారోపించుట మనదేశమున క్రొత్త గాదు. శాస్త్రకారులే దానిని పూర్వపక్షముగా గ్రహించి సమాధానము చెప్పిరి. బ్రహ్మసూత్రముల ద్వితీయాధ్యాయ ప్రథమపాదమున వైషమ్యనైర్ఘృణ్యాధికరణ మనునది కలదు. లోకమున ఒకడు సుఖించును, ఒకడు దుఃఖించును. కనుక సృష్టికర్తకు పక్షపాతము, క్రూరత్వము అను రెండు దోషములు వచ్చునుగదా యనునది ప్రశ్న. రావు, ఆయన జీవుల కర్మ ననుసరించి సృష్టించును గనుక అనునది ఉత్తరము. శంకరులు భాష్యమున దీనికి వాన నుపమానముగా తెచ్చిరి. వాన అన్ని గింజలకును ఒకటియే; వరి వరిగా, యవలు యవలుగా మొలచుటకు విత్తనములలోని భేదమే కారణము. ఈశ్వరుడు వానవంటివాడు, కర్మ విత్తువంటిది. తొలి సృష్టికి ముందు కర్మ యెక్కడిదని అడిగినచో, సంసారము అనాదియని తరువాతి సూత్రము చెప్పును.

ఈ యుపమానము గొప్పది. కాని వర్షాధారపు మెట్టపొలమున నిలుచుండి దీనిని చదువుకొన్నవానికి ఒక సందేహము కలుగక మానదు. వాన అందరకు ఒకటియేనా? ఒక పొలిమేరలో కురిసినది ఆవలి పొలిమేరలో కురియదు. ఎదుగుచున్న పైరునకు ప్రాణమైన వాన, కల్లముమీది కాయకు మృత్యువు. విత్తునందు భేదము లేకయే వానయందు భేదము వచ్చుట ఇక్కడి రైతునకు ఏటేట అనుభవము. ఉపమానము ఎల్లచోట్ల సాగవలెనను నియమము లేదు. శంకరులకు కావలసిన మేరకు అది సాగినది. ఇక్కడ మనకు కావలసిన దొక్కటే. ఈ సమాధానమువలన దేవుడు నిర్దోషి యగును, అందుకు వెలగా బాధపడువాడు దోషి యగును. తాను చేసినట్లు తనకే తెలియని నేరమును ఒప్పుకొన్నగాని దేవుని మంచితనము నిలువదు. అధికరణమును వ్రాసినవారు ఈ వెలను గూర్చి ఆలోచింపలేదనను. ఆ వెలను చెల్లించువారు అధికరణమును చదువుకొను అర్హత గలవారిలో లేరని మాత్రము చెప్పక తప్పదు.

శాస్త్రమిట్లుండగా భక్తికవులు వేరుదారిని నడచిరి. తెలుగున దేవుని తిట్టిన కవులకు కొరత లేదు. ధూర్జటి శ్రీకాళహస్తీశ్వరునితో మాటాడునపుడు అందు వేడుకోలుతోపాటు విసుగును, పోట్లాటయు వినబడును. దివిసీమలోని పెదప్రోలు వాడైన కాసుల పురుషోత్తమకవి శ్రీకాకుళాంధ్రమహావిష్ణువుపై ఆంధ్రనాయకశతకమును వ్యాజనిందతో నింపినాడు. గోగులపాటి కూర్మనాథకవి తురుష్కసేనలు వచ్చి పడినపుడు ఊరకున్న సింహాద్రి నరసింహుని పౌరుషమును ప్రశ్నించి శతకము చెప్పినాడు. ఇక కంచెర్ల గోపన్న కథ అందరెరిగినదే. పాల్వంచ పరగణా సొమ్ముతో భద్రాద్రిని గుడి కట్టించి, గోలకొండ చెరసాలలో పడి, తాను చేయించిన ఒక్కొక్క నగకు ఖర్చు చెప్పి రాముని అప్పుదారుని వలె నిలదీసినాడు. పోతన గజేంద్రుడు ఇంతకంటెను ముందుకు పోయి, రక్షించువాడున్నాడో లేడో యని ఒక్క గడియ సందేహించినాడు. ఆ సందేహమును భాగవతమునుండి తొలగింపవలెనని ఏ భక్తుడును కోరకపోవుట తెలుగువారి భక్తి ఎట్టిదో తెలుపుచున్నది.

ఈ నిందలన్నిటియందును ఒక సమానధర్మము కలదు. తిట్టువాడు గుడి లోపలివాడు. గోపన్న గుడి కట్టించినవాడు; కాసుల కవి స్వామిని దర్శించి వచ్చి తిట్టినవాడు. తిట్టుటకు చనువు కావలెను. చనువునకు చేరువ కావలెను. ఇంటివాడు ఇంటిపెద్దను తిట్టిన తిట్టునకు ఊరిలో విలువ వేరు. అందుచేతనే నిందాస్తుతి చివరకు స్తుతియై ముగియును. గోపన్న తిట్టిన పిమ్మట, బాధకోర్వలేక తిట్టితిని మన్నింపుమనును. ఆలంకారికులు దీనిని వ్యాజస్తుతి యని వర్గీకరించుట న్యాయమే. నింద అచ్చట వేషము.

'గబ్బిలము'నందలి నాయకుడు తంజావూరు ప్రాంతపు అస్పృశ్యుడు; తన్ను అరుంధతీసుతునిగా చెప్పుకొనువాడు. ఇతనికి దేవునితో తగవున్నది కాని తగవాడుటకు దేవుని యెదుటికి పోవు దారి లేదు. నిందించుటకు కావలసిన చేరువయే ఇతనికి నిషిద్ధము. సందేశకావ్యరూపమును జాషువ యెందుకు చేపట్టినాడను ప్రశ్నకు కాళిదాసానుకరణ మని చెప్పి తృప్తిపడుట పొరపాటని నా యభిప్రాయము. నాయకుడు గుడిలోనికి పోగలిగినచో ఈ కావ్యమున దూత యవసరమే లేదు. మరియొక శతకము సరిపోయెడిది. మేఘదూతమున యక్షునకు ప్రియురాలు దూరము, కనుక దూత కావలసివచ్చెను. ఇక్కడ దేవుడు దూరము కాడు, ఊరిలోని గుడిలోనే యున్నాడు. దూరము అడుగులతో కొలుచునది కాదు. మదరాసు రాజధానిలో దేవాలయప్రవేశమునకు సంబంధించిన ఒక చట్టము 1939లో వచ్చెను. విస్తృతమైన చట్టము 1947లో వచ్చెను. ఈ రెంటి నడుమ పుట్టిన కావ్యమిది. తలుపు శాసనమున తెరవబడుచు, ఊరిలో మూయబడియున్న కాలము.

దూతను ఎన్నుకొన్న తీరు ఇంకను చూడదగినది. హంసకు, చిలుకకు, మేఘమునకు కావ్యమర్యాద కలదు. గబ్బిలమునకు లేదు. అది ఇంట దూరినచో అరిష్టమందురు. పక్షియా, మృగమా యని తేలనిది. కాని గుడికప్పునుండి తలక్రిందుగా వ్రేలాడుటకు దానికెవ్వరును అడ్డు చెప్పరు. మనిషికి లేని ప్రవేశము గబ్బిలమునకున్నది. పూజారి లేని సమయము చూచి శివుని చెవిలో తన సంగతి చెప్పుమని నాయకుడు దానిని వేడుకొనును. ఈ ఒక్క జాగ్రత్త కావ్యమున కెల్ల కీలకము. పూజారి యుండగా చెప్పరాదు. అనగా దేవునకును, ఇతనికిని నడుమ మాట తెగగొట్టువాడొకడున్నాడు. దేవునకు ఇతని సంగతి తెలియదు, లేదా తెలియనీయలేదు అను భావన సందేశమునకు ఆధారము.

ఇచ్చట జాగ్రత్తగా నిలిచి ఆలోచింపవలసియున్నది. సర్వజ్ఞుడైన దేవునకు వార్త పంపుట యేమి? భక్తిశాస్త్రము దృష్టిలో ఇది అసంగతము. దేవుడు ఎరిగియు ఊరకున్నాడని చెప్పినచో ఆయన దోషి. ఎరుగడని చెప్పినచో ఆయన సర్వజ్ఞుడు గాడు. జాషువ నాయకుడు రెండవదానిని ఎన్నుకొని, దేవుని మంచితనమును నిలుపుటకు దేవుని ఎరుకను తగ్గించినాడు. ఇది ఒక విధమున అర్జీ పెట్టుకొనువాని నీతి. జిల్లాకచేరీకి అర్జీ వ్రాయువాడు "దొరవారికి తెలియదు, నడుమనున్నవారు తెలియనీయలేదు" అని నమ్మియే వ్రాయును. ఆ నమ్మకము పోయిననాడు అర్జీ ఉండదు. కనుక 'గబ్బిలము' నాస్తికకావ్యమనువారి వాదము నిలువదు. దేవుని లేడనువాడు దేవునకు ఉత్తరము వ్రాయడు. అయినను ఇది భక్తికావ్యమనుటయు సులభము గాదు. అర్జీదారుడు పాదములపై పడినను అతని కాగితమున ఉన్నది అభియోగమే.

కావ్యమున అభియోగము ప్రధానముగా ఎవరిమీద? నాయకుడు కర్మసిద్ధాంతమును పేరుపెట్టి పట్టుకొనును. తన నోరు నొక్కి, కూడు లాగుకొనుటకు ఈ సిద్ధాంతము సాధనమైనదని చెప్పును. ఇంతకు ఆ కర్మ యెవరు, దానికి నాపై ఈ పగ యెందుకని ఈశ్వరునే విచారింపుమని కోరును. వైషమ్యనైర్ఘృణ్యాధికరణమును జాషువ చదివెనా లేదా యనునది మనకు ముఖ్యము గాదు. కావ్యము ఆ యధికరణమునకు ఎదురుప్రశ్న. అందు దేవుడు కర్మను చూపి తప్పుకొనెను. ఇందు నిందితుడుగా చెప్పబడినవాడే లేచి, ఆ కర్మను సాక్షిగా పిలిపింపుమని దేవునినే యడుగుచున్నాడు. రాతిబొమ్మల పెండ్లికి వేలు పోయుచు ఆకలిగొన్నవాని చిప్పలో మెతుకు వేయని సంఘమును అతడు వర్ణించుచోట, నష్టము ఏ విత్తువలన వచ్చెనో పాఠకునకు స్పష్టముగా కానవచ్చును. అన్నము లేకుండుటకు పూర్వజన్మము వెదుకనక్కరలేదు. పెండ్లిఖర్చు చాలును.

యక్షునితో పోలిక ఇక్కడ మిక్కిలి ఉపయోగపడును. యక్షుడు తన పనియందు ఏమరెను, కుబేరుడు శపించెను, శాపమునకు ఒక్క సంవత్సరము గడువు. నేరము తెలియును, న్యాయాధిపతి తెలియును, శిక్షాకాలము తెలియును. మేఘమును చూచి యేడ్చుచున్నను యక్షుడు తన నేరమును కాదనడు. అరుంధతీసుతునకు ఈ మూడును లేవు. నేరమును అతడెరుగడు, ఆరోపించినవారును చెప్పలేరు. అనాదియైన సంసారమున అది ఎక్కడనో జరిగినదందురు. గడువును లేదు, కొడుకునకు అదియే, మనుమనికి అదియే. నేరము గుర్తున్నవాని శిక్షకును, నేరమే గుర్తులేనివాని శిక్షకును గల భేదము మేఘసందేశమునకును, గబ్బిలమునకును గల భేదము. రూపమున అనుకరణమైన ఈ కావ్యము ధర్మమున కాళిదాసునకు జవాబు. యక్షునివలె విలపించుటకును ఒక యోగ్యత కావలెనని ఇది తెలియజెప్పుచున్నది.

ఒక లోపమును కూడ చెప్పవలెను. గబ్బిలము దక్షిణమునుండి ఉత్తరమునకు ఎగురు దారిలో కవి ఆంధ్రదేశ పూర్వవైభవమును వర్ణించును. పద్యములు మనోహరములు, తరగతిలో చదువుటకు తగినవి. కాని కడుపున గంజియే కరవైనవాడు తన్ను వెలివేసిన సంఘపు వైభవమును ఇంత మురిపెముతో చెప్పుట సందర్భమునకు కొంత బరువు. ఇది నాయకునిలోని దేశాభిమానమని కొందరు సమర్థింతురు. నాకు మాత్రము అక్కడ నాయకుని గొంతు తగ్గి, సభలలో పద్యము చదివి మెప్పించిన కవి గొంతు పైకి వచ్చినట్లు తోచును. అభియోగపత్రము నడుమ శాసనప్రశస్తి చేరినది.

దేవుని వదలి మనుష్యునే పట్టుకొను ఈ ధోరణి జాషువకు 'గబ్బిలము'తో మొదలైనది గాదు. 1932 నాటి 'ఫిరదౌసి'లో గజినీ మామూదు పద్యమునకొక బంగారునాణెము ఇత్తునని దేవుని పేర ఒట్టు పెట్టుకొని, తుదకు వెండి పంపును. ఒట్టునకు సాక్షిగా నిలిచిన దేవుడు ఏమి చేయుచున్నాడని కవి అడుగవచ్చును. అడుగుటకు అవకాశము నిండుగా ఉన్నది. అయినను కవి కోపము ఒట్టు పెట్టినవానిమీదనే నిలుచును. 'శ్మశానవాటి' పద్యముల సంగతి ఇంకను విచిత్రము. ఇవి ఖండకావ్యముగా పుట్టి, బాపట్ల ప్రాంతపు ఇటికంపాడున జన్మించిన బలిజేపల్లి లక్ష్మీకాంతము వ్రాసిన హరిశ్చంద్ర నాటకములోనికి నటుల నోట చేరినవి. ఈ మైదానపు పల్లెలలో ఆ నాటకమును ఆడని తిరునాళ్ళు అరుదు. హరిశ్చంద్రుని కథ దైవపరీక్ష. బాధ దైవప్రేరితము, ఫలమును దైవదత్తము. చచ్చిన కొడుకు లేచును, పోయిన రాజ్యము వచ్చును. పొగడ్తయు తెగడ్తయు రెండును దేవుని పద్దుననే పడి చివరకు సరిపోవును. ఆ కథ నడుమ నిలిచిన జాషువ పద్యములలో మాత్రము ఎవరును లేవరు. రాజును, బిచ్చగాడును, తల్లి పోగొట్టుకొన్న బిడ్డయు, బిడ్డ పోగొట్టుకొన్న తల్లియు ఒకే మట్టిలో కలియుదురు. తెల్లవార్లు కూర్చున్న ప్రేక్షకులు దేవుడు ప్రత్యక్షమగు అంకముకంటె ఈ పద్యములకే వన్స్‌మోరు కొట్టుట విమర్శకులు తేలికగా త్రోసివేయరాని సాక్ష్యము.

జాషువ పెరిగిన వాతావరణమును గూర్చి కొంత చెప్పినగాని విషయము పూర్తిగాదు. ఆయన తల్లిదండ్రులు వేరువేరు కులములవారు, మతమున క్రైస్తవులు. గుంటూరున లూథరన్ సంఘము నడపిన ఉపాధ్యాయ శిక్షణాలయమున ఆయన చాలకాలము పనిచేసినాడు. క్రైస్తవుడై పురాణకథలు వ్రాయుటేమని ఒకరు, అంటరానివాడై కవిత్వము చెప్పుటేమని మరియొకరు ఆక్షేపించిరి. బైబిలు చదివిన ఇంట యోబు కథ వినబడక మానదు. సమస్తము పోగొట్టుకొని బూడిదలో కూర్చున్న యోబు నొద్దకు మిత్రులు వచ్చి, నీవేదో పాపము చేసియుందువు, లేనిచో దేవుడిట్లు చేయడని వాదింతురు. అది మన 'ఖర్మ' వాదమే. యోబు ఒప్పుకొనడు, దేవునితోనే తగవు పెట్టుకొనును. గ్రంథాంతమున దేవుడు తనపక్షము వాదించిన మిత్రులను తప్పుపట్టి, తన్ను నిలదీసినవాడే సరిగా పలికెనని చెప్పును. యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయమున పుట్టుగ్రుడ్డిని చూచి, ఇది వీని పాపమా, తల్లిదండ్రుల పాపమా యని శిష్యులడుగగా క్రీస్తు రెండును కాదనును. 'గబ్బిలము'పై వీని ప్రభావమును మాటల పోలికలతో నిరూపించుట సాధ్యమని నేననను. నేరమొప్పుకొనక దేవునితో వాదించుట భక్తియే కావచ్చునను మాదిరి కవికి చిన్ననాటనే అందుబాటున ఉండెనని మాత్రము చెప్పవచ్చును.

ఆ మాదిరి ఇక్కడికి వచ్చిన దారి కరవుదారి. నందననామ సంవత్సరపు కరవు, 1832-33 నాటిది, గుంటూరుమండలమును సగము పాడుపెట్టినది. 'డొక్కల కరవు' అని జనులు చెప్పుకొనిరి. తరువాతి మహాక్షామము, 1876-78 నాటి ధాతకరవు. అప్పుడు ఒంగోలున నుండిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో ఒక భాగము త్రవ్వకమును గుత్తకు తీసికొని వేలకొలది మాదిగ కుటుంబములకు కూలి చూపినాడు. కూటికొరకు మతము పుచ్చుకొనిరను మాట రాకుండ కరవుకాలమున బాప్తిస్మమును ఆపివేసెను. కరవు తగ్గిన పిమ్మట, 1878 జూలై 3వ తేదీన, వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మలో ఒక్కనాడు 2,222 మందికి బాప్తిస్మము జరిగినది. ఈ అంకెను మిషను చరిత్రకారులు దేవుని ఘనతగా వ్రాసికొనిరి. ఆ కరవున మదరాసు రాజధానికి వచ్చిన రిచర్డు టెంపుల్ పనిచేయువానికి దినమునకు ఒక పౌను ధాన్యము చాలునని కూలి తగ్గించినాడు. దేశమునుండి ధాన్యపు ఎగుమతియు నిలువలేదు. ఘనత పద్దు దేవునిది, కరవు పద్దు వానలది. ప్రభుత్వపు పద్దును ఎవరును తెరవలేదు. పేర్లు మారినను "దేవుడు చల్లగా చూచినాడు, మా ఖర్మ" అను లెక్కయే ఇందును సాగినదని గమనింపవలెను.

మిషనుకు ముందు మాదిగపల్లెలలో దైవము లేకపోలేదు. క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రకటించిన గ్రంథమున మాతంగిని గూర్చి వ్రాసినది. జాతరలో మాదిగస్త్రీ మాతంగియై, ఊరి పెద్దకులములవారి నడుమ తిరుగుచు, వారిపై ఉమిసి, వారిని తిట్టును. వారది ప్రసాదముగా గ్రహింతురు. మశూచి తెచ్చునదియు, తీయునదియు అమ్మవారే గనుక ఆమెను వేడుకొనుటయు, తిట్టుటయు ఆ మతమున వేరువేరు గావు. పోలేరమ్మకు కర్మసిద్ధాంతముతో పని లేదు. ఆమె కోపించినది, వేట కోసినారు, శాంతించినది. మేలును కీడును ఒకే చేతిమీదుగా వచ్చునను ఈ నమ్మకము శాస్త్రజ్ఞులకు మోటుగా తోచవచ్చును, కాని లెక్కయందు అది నిజాయితీ గలది. అరుంధతి పేరు చెప్పుకొనుచు శివునకు తగవు పంపిన 'గబ్బిలము' నాయకునకు ఏడాదికొకనాడు తిట్టు హక్కుగల మాతంగి పూర్వికురాలనుటలో అతిశయోక్తి లేదు. ఆమెకు ఆ హక్కు ఒక్కనాటిది. మరునాడు ఆమె ఊరి వెలుపలిది. జాషువ ఆ తిట్టును పద్యమున నిలిపి దానికి మరునాడు లేకుండ చేసినాడు.

'గబ్బిలము' వెలువడిన చాలకాలమునకు జాషువ 'క్రీస్తుచరిత్ర' వచ్చినది; 1964లో కేంద్రసాహిత్య అకాడమి బహుమతి దానికి లభించినది. వార్ధక్యమున కవి తన యింటి మతమునకు తిరిగి వచ్చెనని దీనిని వివరించుట అలవాటు. నాకు అది చాలదనిపించును. 'గబ్బిలము' దేవుని ముందు పెట్టిన చిక్కు సర్వజ్ఞతకును, మంచితనమునకును నడుమ ఒకదానిని వదలుకొనవలసిన చిక్కు. సిలువకథయందు దేవుడు ఆ చిక్కునకు హేతువు చెప్పడు. బాధపడువాని స్థానమున తానే వచ్చి నిలుచును. సిలువపై క్రీస్తు చేసిన చివరి మొరలలో ఒకటి నా దేవా నన్నేల విడిచితివను ఉపాలంభము. దేవుడే దేవుని నిలదీసిన ఆ ఘట్టము, దేవునకు ఉత్తరము పంపిన కవిని తుదకు ఆకర్షించుటలో వింత లేదు. అయినను కావ్యముగా 'క్రీస్తుచరిత్ర' 'గబ్బిలము'నకు సాటి రాదని నిర్మొగమాటముగా చెప్పవలసియున్నది. జవాబు దొరికిన చోట పద్యమునకు శాంతి వచ్చును. ప్రశ్న ఉన్నచోట వచ్చిన పదును అచ్చట రాదు. మూలకథయందు కవికి మార్చు స్వేచ్ఛ లేకపోవుటయు ఒక కారణము.

మేఘదూతపు కొన్ని వ్రాతప్రతులలో కడపట ప్రక్షిప్తశ్లోకములు కానవచ్చును. వానిలో కుబేరుడు సందేశమును విని, జాలిపడి, శాపము తొలగించి దంపతులను కలుపును. అవి కాళిదాసువి కావని పండితులు నిర్ణయించిరి. అయినను ఎవరో ఒక లేఖకుడు సందేశము జవాబు లేక మిగిలిపోవుట చూచి సహింపలేక వానిని చేర్చెను. 'గబ్బిలము' ప్రథమభాగమునకు అట్టి ప్రక్షిప్తము నింతవరకు ఎవరును వ్రాసినట్లు కనబడదు.